రిపోర్టులో 40 శాతం, సీసాలో సెలైన్

మామయ్య తన లాలాజల గ్రంథి క్యాన్సర్ రిపోర్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చాడు. మిర్యాలగూడ పక్క పల్లెలో, సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాల వరి చేసే మనిషి. నల్లగొండ బస్టాండులో దిగి, ఆటో ఎక్కకుండా క్లాక్ టవర్ మీదుగా మా ఇంటిదాకా నడిచే వచ్చాడు. మంచినీళ్లు తాగి, కాగితం తీసి మంచం మీద పరిచి, ఒక వరుస మీద వేలు ఆనించాడు.

"అల్లుడా, ఇక్కడ 40 శాతం అని ఉంది. నాలో 40 శాతం పోయినట్టా, 40 శాతమే మిగిలినట్టా?"

అత్తమ్మ అప్పటికే ఆ కాగితాన్ని ఊళ్లో ఇద్దరికి చూపించింది. ఒకరు రోగం ఒంట్లో 40 శాతం పాకిందన్నారట. ఇంకొకరు బతికే అవకాశం 40 శాతమే అన్నారట. ఈ రెండు మాటల మధ్య నలిగి మామయ్య ఒక ఎకరం బేరానికి పెట్టాడు. చిన్న కూతురి పెళ్లి ముందుకు జరపాలని సంబంధాల వాళ్లకు కబురు కూడా పంపాడు.

నేను డాక్టర్ని కాను. 22 ఏళ్లుగా ముక్క పరీక్ష (బయాప్సీ) విభాగంలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. డాక్టరు సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసే గాజు పలకను సిద్ధం చేసేది మేము. ఎవరికి ఏ చికిత్స ఇవ్వాలో నేను చెప్పలేను. కానీ ఆ 40 అనే అంకె ఎలా పుడుతుందో, ఎక్కడెక్కడ తప్పుతుందో నాకు తెలుసు. అందుకే ఈ మాట గట్టిగా చెప్పగలను. లాలాజల గ్రంథుల క్యాన్సర్‌లో ప్రోటీన్ అంకెలను జాతకంలా చదవడం మానాలి. చికిత్సను మార్చగల ఒకటి రెండు ప్రోటీన్లను మాత్రం పట్టుబట్టి, సరైన ముక్క మీద చూపించుకోవాలి. మన జిల్లాల్లో ఇది తలకిందులుగా జరుగుతోంది. భయపెట్టే అంకె ప్రతి కాగితంలోనూ ఉంటుంది, మందు చూపించే పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ముక్క పనికిరాకుండా పోయి ఉంటుంది.

మామయ్య వేలు పెట్టిన వరుసలో ఉన్నది కీ-67 అనే ప్రోటీన్. కణం విభజనకు సిద్ధమవుతున్నప్పుడు, విభజన జరుగుతున్నప్పుడు దాని కేంద్రకంలో ఇది కనిపిస్తుంది. కణం విశ్రాంతిలో ఉంటే కనిపించదు. 40 శాతం అంటే లెక్కపెట్టిన ప్రతి 100 క్యాన్సర్ కణాల్లో 40 కణాలు, ముక్క తీసిన వేళకు, రెండుగా చీలే పనిలో ఉన్నాయని అర్థం. గడ్డ చురుకుగా పెరుగుతోందని అది చెబుతుంది. ఎంత దూరం పాకిందో చెప్పదు. ఆ మనిషి ఎన్నేళ్లు బతుకుతాడో అసలే చెప్పదు.

1983లో జర్మనీలోని కీల్ పట్టణంలో జొహానెస్ గెర్డెస్, ఆయన సహచరులు ఈ ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీని తయారుచేశారు. ఊరి పేరులోని మొదటి అక్షరం, వాళ్లు కణాలు పెంచిన 96 గుంటల పళ్లెంలో 67వ గుంట, ఈ రెండూ కలిసి కీ-67 అయింది. మన ఊరి పేరు కూడా ఇలాగే దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కింది. పటిక, సున్నం కలిపి తాగునీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. దాన్ని ఇప్పటికీ నల్లగొండ పద్ధతి అనే అంటారు. మామయ్యకు ఈ సంగతి చెబితే, "అయితే అది ఊరి పేరా!" అని ఆ వరుసను మరోసారి చూసుకున్నాడు. పేరు వెనక కథ తెలిశాక భయం కాస్త సడలినట్టు కనిపించింది.

ఇక ఆ అంకె పుట్టే తీరు చెబుతాను. కాస్త ఓపిక పట్టి చదవండి, వాదన అంతా ఇక్కడే ఉంది.

ఆపరేషన్‌లో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఊరనిచ్చి, ఆల్కహాల్‌తో అందులోని నీరు లాగేసి, కరిగిన మైనంలో పోత పోస్తాం. గట్టిపడిన ఆ మైనపు దిమ్మెనే బ్లాకు అంటాం. దాన్ని మైక్రోటోమ్ యంత్రానికి బిగించి చక్రం తిప్పితే 4 మైక్రాన్ల మందం పొరలు ఒకదాని అంచు పట్టుకుని ఒకటి రిబ్బనులా జారుతాయి. ఒక మిల్లీమీటరు ముక్కలో అలాంటివి 250 పొరలు. రిబ్బనును గోరువెచ్చని నీళ్ల పళ్లెంలోకి వదిలితే ముడతలు విప్పుకుని తేలుతుంది. సన్నటి కుంచెతో ఒక్క పొరను విడదీసి గాజు పలక మీదికి ఎక్కిస్తాం. ఊపిరి గట్టిగా వదిలినా పొర మడత పడుతుంది. మే నెలలో కరెంటు పోతే మైనం మెత్తబడి రిబ్బను రాదు. బ్లాకును మంచు గడ్డ మీద బోర్లించి మళ్లీ మొదలుపెట్టాలి.

ఫార్మలిన్ ముక్కను కుళ్లకుండా కాపాడుతుంది గానీ, ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ముడిపడిన ప్రోటీన్‌ను యాంటీబాడీ గుర్తుపట్టలేదు. ఆ ముడి విప్పడానికి పలకలను ఒక ద్రావణంలో నిలబెట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తాం. అవును, వంటింట్లో పప్పు ఉడికే కుక్కరే. పెద్ద కేంద్రాల్లో దీనికి యంత్రాలున్నాయి, చిన్నచోట్ల ఇప్పటికీ కుక్కరే గతి. తక్కువ ఉడికితే రంగు పట్టదు. ఎక్కువ ఉడికితే పొర పలకను వదిలి లేచిపోతుంది. ఆ తర్వాత యాంటీబాడీ చుక్క, మధ్య మధ్య కడగడం, చివర రంగు. ప్రోటీన్ ఉన్న కేంద్రకాలు గోధుమ రంగులోకి, లేనివి నీలంలోకి మారతాయి. డాక్టరు కూర్చుని గోధుమవెన్ని, నీలంవెన్ని అని లెక్కపెడతారు.

ఎక్కడ లెక్కపెట్టాలి? రంగు దట్టంగా ఉన్నచోట లెక్కిస్తే ఒక అంకె, పలకంతా సగటు తీస్తే ఇంకొక అంకె. లేత గోధుమ రంగును ఒకరు లెక్కలోకి తీసుకుంటారు, ఇంకొకరు తీసుకోరు. రొమ్ము క్యాన్సర్ విషయంలో బాగా అనుభవమున్న 8 ప్రయోగశాలలకు ఒకే రోగుల ముక్కలు ఇచ్చి చూస్తే, కీ-67 అంకెలు గణనీయంగా తేడాగా వచ్చాయని 2013లో ప్రచురించారు. వాళ్లంతా చెయ్యి తిరిగినవాళ్లే. అలాంటప్పుడు మన మామయ్య కాగితంలోని 40ని రాతి మీద చెక్కిన మాటలా తీసుకుని ఎకరం అమ్ముకోవడం ఎంత అన్యాయం!

ఇప్పుడు సీసా సంగతి. రాయడానికి మనసు రాని భాగం ఇది.

మామయ్యకు ఎడమ చెవి కింద ఎనిమిదేళ్లుగా రేగుపండంత గడ్డ ఉంది. నొప్పి లేదు. మొదట్లో గవదబిళ్లలన్నారు. సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారు. తగ్గకపోయినా బాధ లేదు కాబట్టి అలాగే వదిలేశారు. కిందటి ఏడాది అది నిమ్మకాయంత అయింది. ఒక రోజు నవ్వుతుంటే మూతి ఒక పక్కకే పోయింది. రాత్రి నిద్రలో ఎడమ కన్ను పూర్తిగా మూతపడటం లేదని అత్తమ్మ చెప్పింది. అప్పుడు పట్టణంలోని ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లారు. కొవ్వు గడ్డ అన్నారు. మత్తు సూది వేసి, కోసి, చేతికి అందినంత తీశారు. తీసిన దాన్ని ఒక ప్లాస్టిక్ సీసాలో వేసి, హైదరాబాదులో ఇచ్చి రమ్మని మామయ్య కొడుకు చేతికి ఇచ్చారు. ఆ సీసాలో పోసింది ఫార్మలిన్ కాదు, సెలైన్. అది శనివారం మధ్యాహ్నం. సోమవారం పొద్దున పరీక్ష కేంద్రం తలుపు తీసేదాకా ఆ ముక్క బస్సులో, బంధువుల ఇంట్లో, ఎండాకాలపు వేడిలో ఉంది.

సెలైన్‌లో ముక్క చెడుతుంది. కణాల్లోని రసాలే కణాలను తినేస్తాయి. ఫార్మలిన్ కూడా ముక్కలోకి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే దిగుతుంది. అందుకే పెద్ద గడ్డయితే మధ్యకు కోసి, ముక్కకు కనీసం పది రెట్లు ఫార్మలిన్ పోసి, వెడల్పు మూతి డబ్బాలో పెట్టాలి. సన్నమూతి సీసాలో మెత్తగా దూర్చిన ముక్క ఫార్మలిన్‌లో గట్టిపడి బయటికి రాదు. సీసా పగలగొట్టి తీసిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇవన్నీ మొదటి నెలలో టెక్నీషియన్‌కు నేర్పే పాఠాలు. ఆపరేషన్ గదిలో ఎవరికీ ఇవి నేర్పలేదు.

ఆ చెడిన ముక్క మీదే ప్రోటీన్ పరీక్షలు జరిగాయి. కీ-67 40 శాతం. హెర్-2 అనే ఇంకొక ప్రోటీన్ 'లేదు' అని వచ్చింది. ఇంట్లో అందరూ 40ని చూసి ఏడ్చారు. ఆ 'లేదు' వైపు ఎవరూ చూడలేదు. నన్ను అడిగితే ఆ కాగితంలో నిజంగా ప్రమాదకరమైన మాట అదే.

ఎందుకో చెప్పే ముందు గ్రంథుల గురించి కొంచెం. చెవి ముందు పెరోటిడ్, దవడ కింద ఒకటి, నాలుక కింద ఒకటి, ఇలా మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులు ఉన్నాయి. నోరంతా పరుచుకుని వందల సంఖ్యలో చిన్నవి ఉన్నాయి. గడ్డలు ఎక్కువగా పెరోటిడ్‌లోనే వస్తాయి. వాటిలో దాదాపు 80 శాతం క్యాన్సర్ కానివి. గ్రంథి చిన్నదైన కొద్దీ అందులో వచ్చే గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం పెరుగుతుంది. ముఖాన్ని కదిలించే నరం పెరోటిడ్ మధ్యగా వెళ్లి అయిదు కొమ్మలుగా చీలుతుంది. మూతి వంకర పోవడం, కన్ను మూతపడకపోవడం ఆ నరం లోపల చిక్కుకుందనడానికి గుర్తు. ఏ ప్రోటీన్ పరీక్షా అక్కర్లేకుండా కళ్లెదుట కనిపించే గుర్తు అది. మామయ్య రోగం ఎటు పోతోందో కీ-67 కన్నా ముందే, ఇంకా స్పష్టంగా, ఆయన నవ్వు చెప్పింది.

మన ప్రాంతంలో ఈ గడ్డల చుట్టూ రెండు నమ్మకాలు గట్టిగా ఉన్నాయి. గుట్కా, బీడీ అలవాటు లేనివాడికి ఇక్కడ క్యాన్సర్ రాదన్నది ఒకటి. నోటి క్యాన్సర్‌కు పొగాకుతో ఉన్నంత గట్టి సంబంధం లాలాజల గ్రంథి క్యాన్సర్లకు లేదు. కాబట్టి అలవాటు లేదన్న ధీమా ఇక్కడ పనికిరాదు. రెండోది, నల్లగొండలో ఏ రోగమొచ్చినా వేలు నీళ్ల వైపు పోవడం. మర్రిగూడ, మునుగోడు పక్క ఊళ్లలో వంగిపోయిన ఎముకలను చూసినవాళ్లం మనం, ఆ అనుమానం సహజం. అయినా ఫ్లోరైడ్‌కూ ఈ క్యాన్సర్‌కూ సంబంధం రుజువు కాలేదు. రుజువైన కారణం రేడియేషన్. హిరోషిమా, నాగసాకిలలో బాంబు దాడి నుంచి బయటపడినవాళ్లలో ఈ గడ్డలు ఎక్కువగా కనిపించాయి. ఎనిమిదేళ్లుగా ఉన్న మామయ్య గడ్డ మొదట ప్లియోమార్ఫిక్ అడినోమా అనే మామూలు గడ్డే. దాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది, ఏళ్లు గడిచే కొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. కత్తి పెడితే పాకుతుందని మనవాళ్లు అనే మాటలో కూడా ఒక చిన్న నిజం ఉంది. సన్న సూదితో చేసే పరీక్షకు భయపడాల్సిన పనిలేదు. కానీ ఈ గడ్డను పైపైన కోసి తోడేస్తే పొర చిట్లి కణాలు చుట్టూ చిమ్ముతాయి, గడ్డ మళ్లీ మళ్లీ వస్తుంది. భయపడాల్సింది కత్తికి కాదు, తెలియని చేతిలోని కత్తికి.

మరి ప్రోటీన్లు రోగి భవిష్యత్తును చెప్పవా? చెబుతాయని రాసిన పరిశోధనలు బోలెడు. కీ-67 ఎక్కువైతే ఫలితం బాగుండదని చాలా వ్యాసాలున్నాయి. మ్యూకోఎపిడెర్మాయిడ్ అనే రకంలో మ్యూక్-1 ప్రోటీన్ ఎక్కువైతే చెడు, మ్యూక్-4 ఉంటే మేలు అని ఉన్నాయి. పీ-53 మీద, ఇంకా పదుల ప్రోటీన్ల మీద ఉన్నాయి. వాటిని నేను కొట్టిపారేయను. కానీ చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఈ క్యాన్సర్ ఏడాదికి లక్ష మందిలో సుమారు ఒకరికి వచ్చేది. అందులోనే ఇరవైకి పైగా రకాలు. ఒక పెద్ద ఆసుపత్రి ఇరవై ఏళ్ల బ్లాకులు వెతికినా కొన్ని పదుల ముక్కలు దొరుకుతాయి. వాటన్నిటినీ కలిపి ఒక ప్రోటీన్‌కు రంగు వేసి, ఉన్నవాళ్లు ఇంత కాలం, లేనివాళ్లు అంత కాలం బతికారని రాస్తారు.

మిర్యాలగూడ మిల్లు దగ్గర నిలబడి ఆలోచిస్తే ఇందులో లోపం వెంటనే తెలుస్తుంది. సాంబ మసూరి, 1010, తెలంగాణ సోనా అన్నీ ఒకే కుప్పలో పోసి, ఎకరానికి ఎంత పండిందో, క్వింటాలుకు ఎన్ని బియ్యం వచ్చాయో సగటు చెబితే ఏ రైతూ ఒప్పుకోడు. ముందు ఏ వడ్లో చెప్పమంటాడు. ఇక్కడా అదే. ఒకరు 10 శాతం దాటితే ఎక్కువ అంటారు, ఒకరు 20 దాటితే అంటారు. సంబంధం కనిపించిన ఫలితం అచ్చవుతుంది, కనిపించనిది బీరువాలో ఉండిపోతుంది. ఈ అస్తవ్యస్తాన్ని చూసే 2005లో కణితి మార్కర్ల, అంటే గడ్డ తీరు చెప్పే ఇలాంటి గుర్తుల, పరిశోధనలను ఎలా రాయాలో రిమార్క్ పేరుతో అంతర్జాతీయ మార్గదర్శకాలు తెచ్చారు. పేరున్న మార్కర్లకు కూడా మాట నిలవదు. మ్యూకోఎపిడెర్మాయిడ్ రకంలో రెండు జన్యువులు అతుక్కోవడాన్ని 2003లో కనిపెట్టారు. అది ఉన్నవాళ్లకు భవిష్యత్తు బాగుంటుందని మొదట్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. తర్వాతి పరిశోధనల్లో ఆ తేడా అంత గట్టిగా నిలవలేదు. అదే గుర్తు ఆ గడ్డకు పేరు పెట్టడానికి మాత్రం ఇప్పటికీ చాలా ఉపయోగం.

నా అనుభవంలో ప్రోటీన్ల అసలు పని అదే, పేరు పెట్టడం. మామూలు రంగులో ఒకేలా కనిపించే రెండు గడ్డలను ప్రోటీన్లు విడదీస్తాయి. పేరు తేలితే భవిష్యత్తులో సగం తేలినట్టే. తక్కువ స్థాయి మ్యూకోఎపిడెర్మాయిడ్‌ను శుభ్రంగా కోసి తీస్తే చాలామంది మామూలుగా జీవిస్తారు. అడినాయిడ్ సిస్టిక్ రకం అలా కాదు. నెమ్మదిగా పెరుగుతుంది, కీ-67 తక్కువే చూపించవచ్చు, నరాల వెంట పాకుతుంది, పదేళ్లకో పదిహేనేళ్లకో ఊపిరితిత్తుల్లో తేలుతుంది. అందులో అయిదేళ్లు దాటాయని మొక్కు తీర్చుకుని ఆసుపత్రికి వెళ్లడం మానేసినవాళ్లను చూశాను. తక్కువ అంకె వాళ్లకు ఇచ్చిన ధైర్యం, ఎక్కువ అంకె మామయ్యకు ఇచ్చిన భయం, రెండూ ఒకే తప్పు లెక్క. గడ్డ ఎంత, నరాన్ని పట్టిందా, మెడలో లింఫు గ్రంథులకు పాకిందా, కోసిన అంచుల్లో కణాలు మిగిలాయా, ఏ రకం, ఏ స్థాయి అన్న ప్రశ్నల ముందు కీ-67 చిన్నది.

ఇక హెర్-2. 1987లో అమెరికాలో డెన్నిస్ స్లామన్ బృందం, రొమ్ము క్యాన్సర్ కణాల్లో హెర్-2 జన్యువు ప్రతులు పెరిగినవాళ్లు త్వరగా చనిపోతున్నారని చూపించింది. అప్పట్లో రిపోర్టులో హెర్-2 ఉందంటే అది చెడ్డ కబురే. 1998లో అదే ప్రోటీన్‌ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్ మందుకు అక్కడ అనుమతి వచ్చింది. ప్రోటీన్ మారలేదు, కణం మారలేదు. మందు వచ్చింది కాబట్టి ఆ ప్రోటీన్ ఉండటం ఒక ఆధారమైంది. జాతకం అయితే ఇలా మారదు కదా!

లాలాజల గ్రంథుల్లో డక్ట్ కార్సినోమా అనే దూకుడైన రకం ఉంది. మామయ్యది చివరికి అదేనని తేలింది. ఈ రకంలో సుమారు మూడోవంతు మందిలో హెర్-2 గట్టిగా ఉంటుంది. చాలా మందిలో మగ హార్మోన్‌ను అందుకునే ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉంటుంది. జపాన్‌లో హెర్-2 ఉన్న 57 మందికి ట్రాస్టుజుమాబ్, డోసిటాక్సెల్ అనే కీమో మందు కలిపి ఇస్తే దాదాపు 70 శాతం మందిలో గడ్డలు బాగా తగ్గాయని 2019లో ప్రచురించారు. ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉన్న 36 మందికి ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే హార్మోన్ మందులు ఇస్తే, పదిమందిలో నలుగురికి గుణం కనిపించింది. ఇంకొక రకం ఉంది, సెక్రెటరీ కార్సినోమా. 2010లో అలేనా స్కాలోవా బృందం దాన్ని వేరే రకంగా గుర్తించింది. దాని వెనక ఉన్న ఎన్‌టీఆర్‌కే జన్యు అతుకుకు 2018లో నేరుగా పనిచేసే మందు వచ్చింది. ఈ పరీక్షలు ఎన్నాళ్లు బతుకుతావో చెప్పవు, ఏ మందు పనిచేయవచ్చో చెబుతాయి. ఈ రెండింటి తేడా తెలియకపోవడమే మన ఇళ్లలో జరుగుతున్న నష్టం.

ప్రోటీన్ ఉంటే మందు పనిచేస్తుందని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. అడినాయిడ్ సిస్టిక్ గడ్డల్లో చాలావాటికి సీడీ-117 ప్రోటీన్ ఉంటుంది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ అనే మాత్ర రక్త క్యాన్సర్‌లో అద్భుతాలు చేసింది. అదే ఆశతో 16 మందికి ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. ఒక్కరిలోనూ గడ్డ తగ్గలేదు. తాళం ఉన్నంత మాత్రాన ప్రతి తలుపూ దాని మీదే ఆధారపడి ఉండదు.

నాతో పనిచేసిన ఒక యువ డాక్టరమ్మ ఈ వాదనకు ఒప్పుకోలేదు. "అన్నా, సమాచారం ఎక్కువైతే నష్టమేముంది? పది మార్కర్లూ చేయిద్దాం, రేపు ఎప్పుడైనా పనికొస్తాయి" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. మార్కర్లు నమోదు కాకపోతే రేపటి పరిశోధన ఎక్కడి నుంచి వస్తుంది? పరిశోధన కోసమైతే ఆ ఖర్చు పరిశోధన భరించాలి. రోగి జేబులోంచి తీసే ప్రతి రూపాయికి మాత్రం ఒక ప్రశ్న వేయాలి, ఈ ఫలితం వస్తే చికిత్సలో ఏం మారుతుంది? సమాధానం ఉంటే ఆ పరీక్ష అప్పు చేసైనా చేయించాలి. లేకపోతే అది కాగితం మీద ఇంకొక భయం. సూది మొనంత ముక్క ఉన్నప్పుడు నష్టం ఇంకా పెద్దది. పనికిరాని మార్కర్లకు పొరలన్నీ కోసేస్తే అసలు పరీక్షకు బ్లాకులో ఏమీ మిగలదు. అలా ఖాళీ అయిన బ్లాకులను నా చేతులతో పట్టుకున్నాను.

డబ్బు లేక ఇదంతా జరుగుతోందని అంటారు. కొంత నిజం. కానీ 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రతి కళాశాలలో పాథాలజీ విభాగం ఉంటుంది. మామయ్యకు కొరవడింది లక్షల రూపాయలు కాదు. ఒక వెడల్పు మూతి డబ్బా, అందులో నిండుగా ఫార్మలిన్. జిల్లా వైద్య కళాశాల ఆ డబ్బాలను చుట్టుపక్కల ప్రతి ఆపరేషన్ గదికీ, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, అందించాలి. ముక్క ముందు అక్కడికి రావాలి. అక్కడే బ్లాకు కావాలి, అక్కడే మొదటి చూపు పడాలి. హైదరాబాదుకు బస్సులో వెళ్లాల్సింది మైనంలో భద్రంగా ఉన్న బ్లాకు, సీసాలో ఈదుతున్న పచ్చి ముక్క కాదు. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. ఎవరో ఒకరు పూనుకుని మొదలుపెట్టాలి.

మామయ్యను మంచం మీద కూర్చోబెట్టి ఇవన్నీ ఒక్క రోజులో చెప్పలేదు. ఆ రోజు చెప్పింది రెండే మాటలు. "మామా, ఎకరం బేరం ఆపు. ఈ ముక్క చెడిపోయింది, ఈ కాగితం మీద నమ్మకం పెట్టుకోవద్దు." హైదరాబాదులో తల, మెడ క్యాన్సర్లు చూసే సర్జన్ దగ్గరికి తీసుకెళ్లాను. గ్రంథి మొత్తం తీశారు. నరాన్ని కాపాడలేకపోయారు. మెడలోని లింఫు గ్రంథులు కూడా తీశారు. తీసిన గడ్డను నేను బతిమాలి, దగ్గరుండి, మధ్యకు కోయించి ఫార్మలిన్‌లో వేయించాను. రెండు వారాల తర్వాత వచ్చిన కాగితంలో కీ-67 30 శాతం. ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉంది. హెర్-2, 3 ప్లస్, అంటే గట్టిగా ఉంది. మొదటి కాగితం 'లేదు' అన్న ప్రోటీన్, గోధుమ రంగు గళ్ల వలలా ప్రతి కణం చుట్టూ కట్టి ఉంది. ఆ పలకను నేను కూడా చూశాను. చాలాసేపు కళ్లు తీయలేకపోయాను.

ఆ తర్వాత ఆరు వారాలు రేడియేషన్. ఏడాది తిరగకముందే ఊపిరితిత్తుల్లో రెండు చిన్న మచ్చలు కనిపించాయి. అప్పుడు ఆ 3 ప్లస్ పనికొచ్చింది. మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ ఎక్కిస్తున్నారు. మన దేశంలో తయారైన రకం 2014 నుంచి దొరుకుతోంది కాబట్టి ఆ మాత్రమైనా కొనగలిగాం. గుండె మీద దాని ప్రభావం తెలుసుకోవడానికి మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. మచ్చలు తగ్గాయి, పోలేదు. డాక్టరు ఆ మాట దాచలేదు, మామయ్య కూడా తిరిగి అడగలేదు. ఎడమ కంటికి రాత్రిపూట అత్తమ్మ చుక్కలు వేసి మెత్తటి గుడ్డ కడుతుంది. చిన్న కూతురు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది, పెళ్లి మాట ఇంకా ఎత్తలేదు.

బ్లాకు మా దగ్గరే ఉంది. రెండో అభిప్రాయం కోసం తెచ్చుకున్నది. మామయ్య దాన్ని రేకు పెట్టెలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టాడు. మొన్న వెళ్లినప్పుడు చూస్తే ఆ పెట్టె రేకుల కప్పు కింద, అటక మీద ఉంది. ఏప్రిల్ ఎండకు అక్కడ మైనం మెత్తబడుతుందని చెప్పి నేనే దింపాను. ఇప్పుడది బియ్యం గదిలో, నేల మీద, తడి ఇసుకలో పెట్టిన నీళ్ల కుండ పక్కన ఉంది. అత్తమ్మ దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.